ఒక చదరపు మీటరు ఎండ, ఎన్ని లీటర్ల నీళ్లు?

క్లుప్తంగా: సూర్యశక్తితో సముద్రపు నీటిని తాగునీరుగా మార్చడం అనే ఒక్క మాట వెనుక మూడు వేర్వేరు పనులున్నాయి. ఎండ వేడితో నీటిని ఆవిరి చేసి పట్టుకోవడం ఒకటి. ఎండతో కరెంటు పుట్టించి పంపులు తిప్పడం రెండోది. ఎండకు కాగిన సముద్రపు పైపొరను, చల్లటి అడుగు నీటిని జోడించి వాడుకోవడం మూడోది. చెన్నై పరిమాణంలో లెక్క కుదిరేది రెండో దారిలోనే. ఆ దారిలోనూ ఎండకు కొరత లేదు. పొద్దుగూకాక కరెంటు ఎక్కడిది, మిగిలిన ఉప్పు ఎక్కడికి పోవాలి అన్న చోటే చిక్కు.

వేసవి ముదిరి పుళల్, పూండి జలాశయాలు అడుగంటినప్పుడల్లా చెన్నైలో ఒక ప్రశ్న తిరిగి లేస్తుంది. ఎదురుగా సముద్రం, నెత్తిన ఎండ. రెండింటినీ కలిపితే మంచినీరు రాదా? 2019లో ఈ ప్రశ్న మరీ గట్టిగా వినిపించింది. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ దాదాపు ఎండిపోయిన ఆ ఏడాది, జూలై 12న జోలార్‌పేట నుంచి 25 లక్షల లీటర్ల నీళ్లు రైల్లో వచ్చాయి. అప్పటి నుంచి ఎండతో నడిచే కొత్త పరికరాల వార్త ఏది వచ్చినా నగరంలో చేతులు మారుతూనే ఉంది.

నిజానికి చెన్నై సముద్రపు నీరు తాగడం కొత్త కాదు. మింజూరు దగ్గర కాట్టుపల్లిలో రోజుకు 10 కోట్ల లీటర్ల కేంద్రం 2010లో మొదలైంది. హైదరాబాద్‌కు చెందిన ఐవీఆర్‌సీఎల్, స్పెయిన్‌కు చెందిన బెఫెసా కలిసి దాన్ని కట్టాయి. మహాబలిపురం దారిలోని నెమ్మేలిలో అంతే సామర్థ్యం గల రెండో కేంద్రం 2013లో, దాని పక్కనే 15 కోట్ల లీటర్ల మూడోది 2024 ఫిబ్రవరిలో వచ్చాయి. అక్కడికి దగ్గరలోనే పేరూరులో 40 కోట్ల లీటర్ల కేంద్రానికి 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. జపాన్ సంస్థ జైకా రుణంతో చేపట్టిన ఆ పథకం అంచనా 4,276 కోట్ల రూపాయలు. ఈ నాలుగూ గ్రిడ్డు కరెంటును నమ్ముకున్నవే. కాబట్టి చెన్నైలో అసలు ప్రశ్న సముద్రపు నీటిని తాగునీరుగా మార్చవచ్చా అన్నది కాదు. ఆ పనిని ఎండకు అప్పగించవచ్చా, అప్పగిస్తే ఎంత స్థలం కావాలి, ఎంత ఖర్చవుతుంది అన్నది.

ఉప్పుమడిలో జరిగేదే, తలకిందులుగా

ఎండతో ఉప్పునూ నీటినీ విడదీయడం తీరాంధ్రకు తరతరాలుగా తెలిసిన పనే. నౌపడలోనైనా ఇస్కపల్లిలోనైనా ఉప్పురైతు చేసేది అదే. సముద్రపు నీటిని మడుల్లో పలచగా నిలిపితే ఎండ నీటిని తీసుకుపోతుంది, ఉప్పు మడిలో మిగులుతుంది. రైతుకు కావలసింది ఉప్పు, పోయే నీటి గురించి పట్టింపు లేదు. అదే మడి మీద ఏటవాలుగా గాజు కప్పి, గాజు లోపలి వైపు పట్టిన చెమ్మ జారి ఒక కాలువలో పడేలా చేస్తే, పోయే నీరు చేతికొస్తుంది. దీన్నే సోలార్ స్టిల్ అంటారు. ఇందులో కదిలే భాగం ఒక్కటీ లేదు, కరెంటు అక్కర్లేదు, చెడిపోయేదీ తక్కువే.

ఈ పద్ధతి వయసు కూడా తక్కువేమీ కాదు. చిలీ ఎడారిలోని లాస్ సాలినాస్ అనే చోట నైట్రేటు గనుల అవసరాల కోసం 1872లో చార్లెస్ విల్సన్ అనే ఇంజనీరు నాలుగున్నర వేల చదరపు మీటర్ల మేర గాజు పలకలు పరిచి, రోజుకు 20 వేల లీటర్లకు పైగా మంచినీరు తీశాడు. గనుల్లో బరువులు మోసే కంచరగాడిదలు కూడా ఆ నీరే తాగేవి. మన దేశంలో భావనగర్‌లోని కేంద్రీయ ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ 1978లో గుజరాత్‌లోని అవానియా గ్రామంలో రోజుకు సుమారు 5,000 లీటర్ల సోలార్ స్టిల్ నెలకొల్పింది.

లాస్ సాలినాస్ లెక్కను విస్తీర్ణంతో భాగిస్తే చదరపు మీటరుకు ఐదు లీటర్లకు కాస్త తక్కువ. నూటయాభై ఏళ్ల తరవాత ఇవాళ్టి మామూలు స్టిల్ ఇచ్చేదీ రోజుకు మూడు నుంచి ఐదు లీటర్లే. ఇంత కాలంలో ఏమీ మెరుగుపడలేదా అనిపించడం సహజం. కానీ అడ్డు పడుతున్నది పనితనం కాదు, నీటి స్వభావం. లీటరు నీటిని ఆవిరి చేయడానికి సుమారు 0.65 యూనిట్ల (కరెంటు బిల్లులోని యూనిట్, అంటే కిలోవాట్ అవరే) వేడి కావాలి. దీన్నే గుప్తోష్ణం అంటారు. చెన్నైలో చదరపు మీటరు నేల మీద సగటున రోజుకు ఐదు యూనిట్ల పైచిలుకు ఎండ పడుతుంది. అందులో ఒక్క చుక్క వేడి కూడా వృథా కాకపోయినా వచ్చేది ఏడెనిమిది లీటర్లు. గాజు గుండా, అడుగు గుండా వేడి తప్పించుకుపోతుంది కాబట్టి చేతికందేది అందులో సగం.

మడి మీద మూత లేకపోయినా ఎండ చేసే పని దాదాపు ఇంతే. చదరపు మీటరు మేర ఒక మిల్లీమీటరు నీరు ఆవిరైతే అది సరిగ్గా ఒక లీటరు. పుళల్ జలాశయం నిండుగా ఉన్నప్పుడు సుమారు 18 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది. వేసవిలో రోజుకు ఐదు మిల్లీమీటర్ల చొప్పున నీరు ఆవిరైతే ఎండ తాగేసేది 9 కోట్ల లీటర్లు. మింజూరు కేంద్రం రాత్రింబవళ్లు పంపులు తిప్పి తీసే నీటికి ఇది దాదాపు సమానం. ఎండకు బలం లేక కాదు, ఆ బలమంతా నేల మీద పలచగా పరుచుకుని ఉండటం వల్లే ఈ తిప్పలు. పేరూరు కేంద్రం ఇవ్వబోయే 40 కోట్ల లీటర్లను చదరపు మీటరుకు నాలుగు లీటర్ల చొప్పున స్టిల్స్‌తో తీయాలంటే 100 చదరపు కిలోమీటర్ల గాజు కప్పు కావాలి. మహా చెన్నై నగరపాలక సంస్థ మొత్తం విస్తీర్ణం 426 చదరపు కిలోమీటర్లు.

పొర గుండా తోసే దారి

చెన్నై కేంద్రాల్లో నీరు ఆవిరి కాదు. అక్కడ జరిగేది చాలా ఇళ్ల వంటగదుల్లో గోడకు వేలాడే ఆర్ఓ యంత్రంలో జరిగేదే, కాకపోతే ఒత్తిడి పది రెట్లు. రివర్స్ ఆస్మాసిస్ అనే ఈ పద్ధతిలో నీటి అణువులను మాత్రం పోనిచ్చే పలచటి పొర గుండా ఉప్పునీటిని బలంగా నెడతారు. నీరు అవతలికి పోతుంది, ఉప్పు ఇవతలే నిలుస్తుంది. ఈ పొరను పారిశ్రామికంగా పనికొచ్చే స్థితికి తెచ్చింది 1960 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్. వీరిలో సౌరిరాజన్ భారతీయుడు.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. వాడుక భాషలో చెప్పాలంటే టీడీఎస్ 35,000. తాగునీటికి భారతీయ ప్రమాణం కోరేది 500. అంత ఉప్పు ఉన్న నీరు పొర దాటడానికి మొరాయిస్తుంది. ఆ మొరాయింపును కొలిచే ద్రవాభిసరణ పీడనం సుమారు 27 బార్లు. దాన్ని మించి నెట్టాలి కాబట్టి కేంద్రాల్లో 55 నుంచి 70 బార్ల వరకు ఒత్తిడి పెడతారు. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి రెండు బార్లకు కాస్త ఎక్కువ. ఇంటి ఆర్ఓలో సముద్రపు నీరు పోస్తే చుక్క కూడా ఎందుకు రాదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంత ఒత్తిడి పెట్టినా వేడి చేయడంతో పోలిస్తే ఇది చవక. సముద్రం నుంచి నీటిని తోడటం, వడకట్టడం, పొర గుండా నెట్టడం అన్నీ కలిపి నేటి మంచి కేంద్రాల్లో వెయ్యి లీటర్లకు మూడు నుంచి నాలుగు యూనిట్ల కరెంటు సరిపోతుంది. అదే వెయ్యి లీటర్లను ఒక్కసారి ఆవిరి చేయడానికి 650 యూనిట్ల వేడి కావాలి. 1970లలో పొర పద్ధతికి కూడా వెయ్యి లీటర్లకు పది యూనిట్లకు పైగా అయ్యేది. పొరలు మెరుగుపడటం ఒక కారణం. బయటికి పోయే ఉప్పు గాఢజలంలో మిగిలిన ఒత్తిడిని కొత్తగా వచ్చే నీటికి బదిలీ చేసే పరికరాలు రావడం ఇంకా పెద్ద కారణం. అయితే ఈ తగ్గుదలకు ఒక అడుగు ఉంది. సగం నీటిని తీయాలనుకుంటే ప్రకృతి నియమం ప్రకారమే వెయ్యి లీటర్లకు కనీసం ఒక యూనిట్ ఖర్చు తప్పదు. కరెంటు బొగ్గుదైనా ఎండదైనా పొర అడిగే ఒత్తిడి మారదు.

ఇప్పుడు అదే చదరపు మీటరు దగ్గరికి రావాలి. దాని మీద గాజు స్టిల్ బదులు సోలార్ పలక పెడితే పడే ఎండలో ఐదో వంతే కరెంటుగా మారుతుంది. దుమ్ము, వేడి, వైర్లలో నష్టం తీసేస్తే రోజుకు సుమారు 0.8 యూనిట్లు. చూడటానికి ఇది స్టిల్ కన్నా నాసిరకం యంత్రం, వచ్చిన శక్తిలో ఎనభై పాళ్లకు పైగా వదిలేస్తోంది. కానీ ఆ 0.8 యూనిట్లను పొర పద్ధతికి ఇస్తే 200 లీటర్లకు పైగా మంచినీరు వస్తుంది. స్టిల్ ఇచ్చేది నాలుగు లీటర్లు. ఒకే ఎండ, ఒకే స్థలం, ఫలితంలో యాభై రెట్ల తేడా. సూర్యుడితో మంచినీరు అనే వార్త ఏది కనిపించినా అది ఈ రెండింటిలో ఏ దారిదో ముందు చూడాల్సింది అందుకే.

385 శాతం సామర్థ్యం అంటే

2020లో అమెరికాలోని ఎంఐటీ, చైనాలోని షాంఘై జియావో టోంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక సోలార్ స్టిల్‌ను ప్రకటించారు. సామర్థ్యం 385 శాతం అని వార్తల్లో చూసి చాలామంది తల గోక్కున్నారు. వంద దాటిన సామర్థ్యం ఎలా సాధ్యం?

జవాబు వంటింట్లోనే ఉంది. ఇడ్లీ కుక్కరులో ఆవిరి మూతకు తగిలి నీరుగా మారేటప్పుడు తాను మోసుకొచ్చిన వేడినంతా మూతకు అప్పగిస్తుంది. చెయ్యి పెడితే చురుక్కుమనేది ఆ వేడే. మామూలు స్టిల్‌లో అది గాజు నుంచి గాలిలో కలిసిపోతుంది. ఆ పరికరంలో పది అరలు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. మొదటి అరలో ఆవిరి చల్లబడి వదిలే వేడి రెండో అరలోని నీటిని ఆవిరి చేస్తుంది, దాని వేడి మూడోదానిని. ఒకే వేడి పదిసార్లు చేతులు మారుతుంది, ప్రతిసారీ కొంత తరుగు. వచ్చిన నీటినంతా ఒక్కసారే ఆవిరి చేసినట్టు లెక్కగడితే వందకు 385 అని తేలుతుంది. ఇందులో మాయ లేదు, కొలిచే పద్ధతి అంతే. గల్ఫ్ దేశాల్లో పెద్ద ఆవిరి కేంద్రాలు దశాబ్దాలుగా నడుస్తున్నదీ ఇదే సూత్రం మీద. చెన్నైకి దక్షిణాన కల్పాక్కంలో భాభా అణు పరిశోధన కేంద్రం కట్టిన నిర్లవణీకరణ (ఉప్పునీటిని మంచినీరుగా మార్చే) కేంద్రంలో రోజుకు 45 లక్షల లీటర్లు ఆవిరి దారిలో, 18 లక్షల లీటర్లు పొర దారిలో తీసేలా ఏర్పాటు ఉంది. అక్కడ వేడికి ఎండతో పని లేదు, పక్కనే అణు విద్యుత్ కేంద్రం ఉంది.

ఆ పరికరం గంటకు చదరపు మీటరుకు 5.78 లీటర్లు ఇచ్చింది. చెన్నై ఎండను ఐదు గంటల పూర్తి ఎండగా లెక్కేస్తే రోజుకు 29 లీటర్లు. మామూలు స్టిల్‌కు ఏడు రెట్లు మెరుగు, సోలార్ పలకతో నడిచే పొర పద్ధతిలో ఎనిమిదో వంతు. కరెంటు లేని ఒంటరి దీవికి అది మేలైన సాధనం కావచ్చు. నగరానికి మాత్రం స్థలం లెక్క దగ్గరే ఆగిపోతుంది.

పేరూరుకు ఎంత ఎండ కావాలి

రోజుకు 40 కోట్ల లీటర్లు, వెయ్యి లీటర్లకు 3.5 యూనిట్లు అనుకుంటే రోజుకు 14 లక్షల యూనిట్లు. తమిళనాడులో ఒక మెగావాటు సోలార్ కేంద్రం సగటున రోజుకు నాలుగున్నర వేల యూనిట్లు ఇస్తుంది. అంటే 300 మెగావాట్ల పైచిలుకు సోలార్ పలకలు కావాలి, వాటికి 1,200 నుంచి 1,500 ఎకరాలు. నగరం అంచున అంత నేల దొరకదు. రాష్ట్రంలో మాత్రం దొరుకుతుంది. రామనాథపురం జిల్లా కముదిలో 2016లో ప్రారంభమైన సోలార్ కేంద్రం ఒక్కటే 648 మెగావాట్లది, అది పరుచుకున్నది సుమారు 2,500 ఎకరాలు. దానిలో సగం ఉంటే లెక్కప్రకారం పేరూరు అవసరం తీరుతుంది. ఈ లెక్కలో తయారైన నీటిని నగరంలోకి పంపు చేసే కరెంటు కలపలేదు.

కాగితం మీద ఇంతవరకు చిక్కు లేదు. చిక్కు సాయంత్రం ఆరు గంటలకు మొదలవుతుంది.

నిర్లవణీకరణ కేంద్రం రోజంతా నడిచేలా కట్టినది. 14 లక్షల యూనిట్లను 24 గంటలకు పంచితే దాదాపు 58 మెగావాట్లు ఎడతెగకుండా కావాలి. సోలార్ పలకలు సరిగా పనిచేసేది ఏడెనిమిది గంటలు. మిగిలిన పదహారు గంటలకు బ్యాటరీలు పెట్టాలంటే తొమ్మిది లక్షల యూనిట్లకు పైగా నిల్వ ఉండాలి. ఆ ఖర్చు చాలు మొత్తం లెక్కను తారుమారు చేయడానికి. పగలు మాత్రమే నడిపితే సరిపోదా అన్నది వెంటనే తట్టే ప్రశ్న. అప్పుడు అదే నీటికి మూడు రెట్ల పెద్ద కేంద్రం కట్టాలి. సముద్రంలోకి వేసే గొట్టాలు, పంపులు, పొరలు అన్నీ మూడింతలవుతాయి, పదహారు గంటలు ఖాళీగా ఉంటాయి. నీటి ధరలో కరెంటుతో పోటీపడే భాగం కట్టుబడి ఖర్చు, దాని మీద వడ్డీ. చవక కరెంటు కోసం దాన్ని మూడింతలు చేయడం గోరుతో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. పైగా పొరలకు ఆగి ఆగి నడవడం పడదు. నీరు నిలిచిపోతే వాటి మీద సూక్ష్మజీవుల జిగురు పెరుగుతుంది, లవణాలు పేరుకుంటాయి. ఆపిన ప్రతిసారీ మంచినీటితో కడగాలి.

ఒక మధ్యేమార్గం ఉంది. కరెంటును నిల్వ చేయడం కష్టం గానీ నీటిని నిల్వ చేయడం కష్టం కాదు. నగర జలాశయాలే పెద్ద బ్యాటరీలు. ఎండ బాగా ఉన్నప్పుడు పూర్తి సామర్థ్యంతో, రాత్రి కొంత తగ్గించి నడిపే వెసులుబాటు కొత్త కేంద్రాల్లో కల్పించవచ్చు. రుతువులు కూడా కలిసొస్తాయి. మార్చి నుంచి జూన్ వరకు చెన్నైలో నీటి కటకట, అప్పుడే ఎండ మెండు. అక్టోబరు, నవంబరుల్లో మబ్బు పట్టి సోలార్ తగ్గుతుంది గానీ ఈశాన్య రుతుపవనం ఆ నెలల్లోనే చెరువులు నింపుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు రాష్ట్రంలోని గాలిమరలు జోరుగా తిరుగుతాయి, అవి రాత్రి కూడా ఆగవు.

అందుకే పెద్ద కేంద్రాల విషయంలో సోలార్ అన్న మాటకు ఆచరణలో అర్థం వేరు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరం 2006లో క్వినానా దగ్గర నిర్లవణీకరణ కేంద్రం తెరిచినప్పుడు, దాని కరెంటు లెక్కకు సరిపడా నగరానికి 200 కిలోమీటర్ల ఉత్తరాన ఎమూ డౌన్స్ అనే చోట గాలిమరల క్షేత్రం ఉండేలా ఏర్పాటు చేసింది. గాలిమరలు గ్రిడ్డులో పోస్తాయి, నీటి కేంద్రం గ్రిడ్డు నుంచి తీసుకుంటుంది. ఏడాది చివర జమాఖర్చులు సరిపోతే చాలు. గాలి ఆగిన రాత్రి కేంద్రానికి అందుతున్నది నిజంగా ఏ కరెంటు అని అడిగితే జవాబు ఇబ్బందిగా ఉంటుంది. అయినా ఇది అబద్ధం కాదు, ఒక ఖాతా పద్ధతి. చెన్నైలో కూడా జరిగితే ఇలాగే జరుగుతుంది. అలా జరగకపోతే పడే భారం తక్కువేమీ కాదు. దేశ గ్రిడ్డు యూనిట్‌కు సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడు వదులుతుంది కాబట్టి, పేరూరు ఒక్కటే రోజుకు దాదాపు వెయ్యి టన్నులకు కారణమవుతుంది.

సముద్రమే ఎండను దాచిన తొట్టి

మూడో దారి చెన్నైలోనే పుట్టింది, నగరంలో దాని సంగతి తెలిసినవాళ్లు తక్కువ. పళ్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక పరిజ్ఞాన సంస్థ సముద్రాన్నే వేడి నీటి తొట్టిగా, చల్లటి నీటి తొట్టిగా వాడుకునే పద్ధతిని రూపొందించింది. ఉష్ణమండలంలో సముద్రపు పైపొర ఎండకు కాగి 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. 350 మీటర్ల లోతున నీరు 12, 13 డిగ్రీలు. గాలి తీసేసిన గదిలోకి పైనీటిని వదిలితే తక్కువ ఒత్తిడి వల్ల ఆ కొద్ది వెచ్చదనానికే కొంత ఆవిరవుతుంది. ఆ ఆవిరిని అడుగు నుంచి తోడిన చల్లటి నీటి గొట్టాలకు తగిలిస్తే మంచినీరు. 2005లో లక్షద్వీప్‌లోని కవరత్తిలో రోజుకు లక్ష లీటర్ల కేంద్రం ఇలా మొదలైంది, తరవాత మినికాయ్, అగత్తి దీవులకూ విస్తరించింది. పొర లేదు, అది మూసుకుపోయే బాధా లేదు. చిన్న దీవిలో మరమ్మతు తక్కువగా ఉండటం గొప్ప సుగుణం.

మరి చెన్నైకి ఎందుకు రాలేదు? 2007లో తీరానికి దూరంగా ఒక బార్జి మీద రోజుకు 10 లక్షల లీటర్ల కేంద్రాన్ని ఇదే సంస్థ నడిపి చూసింది. దీవుల చుట్టూ సముద్రం ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది, తీరం నుంచే గొట్టం వేయవచ్చు. చెన్నై దగ్గర అంత లోతు కోసం చాలా దూరం పోవాలి. అందుకే తరవాత తీరం మీదే మరో వేడి వెతికారు. ఉత్తర చెన్నై థర్మల్ విద్యుత్ కేంద్రం సముద్రంలోకి వదిలే వెచ్చటి నీటితో 2009లో రోజుకు లక్షన్నర లీటర్ల కేంద్రం ఏర్పాటైంది. అక్కడ పనిచేసింది ఎండ కాదు, బొగ్గు వదిలిన వేడి.

మిగిలిన ఉప్పు

పొర పద్ధతిలో సముద్రం నుంచి తెచ్చిన నీటిలో 40 నుంచి 45 శాతమే మంచినీరవుతుంది. మిగతాది దాదాపు రెట్టింపు ఉప్పదనంతో సముద్రానికి తిరిగి పోతుంది. ఈ గాఢజలం మామూలు సముద్రపు నీటికన్నా బరువు, సరిగా కలవకపోతే అడుగున పరుచుకుంటుంది. శుద్ధిలో వాడిన రసాయనాల అవశేషాలూ అందులో ఉంటాయి. చెన్నై కేంద్రాల పక్క కుప్పాల (తీర పల్లెల) మత్స్యకారులు దీని మీదా, తీరం కోత మీదా అభ్యంతరాలు చెబుతూ వచ్చారు. కరెంటు ఎండ నుంచి వచ్చినంత మాత్రాన ఇందులో ఒక్క చెంచా ఉప్పు తగ్గదు. పచ్చని విద్యుత్తు అన్న మాట ఈ సంగతిని కప్పేయకూడదు.

ఇటువైపు నుంచి మరో ముప్పుంది. కేంద్రం సముద్రం మీద ఎంత ఆధారపడితే, సముద్రం మీద జరిగే ప్రతి ప్రమాదం అంత దగ్గరవుతుంది. 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు నౌకలు ఢీకొని చమురు ఒలికింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదల వేళ ఎన్నూరు వాగులో మళ్లీ చమురు తేలింది. మింజూరు కేంద్రం ఉన్నది ఆ పక్కనే. చమురు తగిలితే పొరలు పనికిరాకుండా పోతాయి.

కృష్ణ నీరు, సముద్రపు నీరు

చెన్నై తెలుగువారికి నీటిని టీఎంసీల్లో ఊహించుకోవడం అలవాటు. తెలుగుగంగ పథకం కోసం మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల కృష్ణా జలాలు చెన్నైకి ఇస్తామన్నాయి. దారిలో ఆవిరికీ ఇంకుడుకీ 3 పోను 12 టీఎంసీలు సరిహద్దు దగ్గర అందాలి. కండలేరు నుంచి పూండికి మొదటిసారి ఆ నీరు చేరింది 1996లో. పూర్తి వాటా అందిన ఏడు అరుదు. పేరూరు కేంద్రం ఏడాదంతా పూర్తిగా నడిస్తే వచ్చేది 5 టీఎంసీల పైమాట, అంటే ఒక రాష్ట్రం ఇస్తానన్న వాటా అంత. నాలుగు కేంద్రాలూ కలిస్తే తొమ్మిదిన్నర టీఎంసీలు దాటుతుంది.

తేడా ధరలో ఉంది, నమ్మకంలో ఉంది. కాలువ నీరు చాలావరకు వాలున దానంతట అదే వస్తుంది, కానీ వర్షానికీ ఎగువ రాష్ట్రాల అవసరాలకూ లోబడి వస్తుంది. సముద్రపు నీటికి కరవు లేదు, బిల్లు ఉంది. మింజూరు కేంద్రంతో కుదిరిన తొలి ధర వెయ్యి లీటర్లకు 48 రూపాయల 66 పైసలు. యూనిట్ 7 రూపాయలనుకుంటే 3.5 యూనిట్ల కరెంటు ఖర్చే 24 రూపాయల పైన. వేలంలో సోలార్ కరెంటు రెండున్నర, మూడు రూపాయలకు దొరుకుతోంది కదా అంటే, అది ఉత్పత్తి చేసే చోట పగటి ధర. గ్రిడ్డు మీద మోసుకొచ్చిన ఖర్చు, రాత్రి కరెంటు ధర కలిపాక మిగిలే ఆదా అంతకన్నా చాలా తక్కువ. ఎండ పూర్తిగా ఉచితమనుకున్నా కట్టుబడి, వడ్డీ, పొరలు, రసాయనాలు, జీతాలు ఉంటాయి. పక్కనే ఇంకో లెక్క: 20 లీటర్ల క్యాను 35 రూపాయలకు కొనే ఇల్లు వెయ్యి లీటర్లకు 1,750 రూపాయలు కడుతోంది.

చిన్న చోట, పెద్ద ఉపయోగం

ఎండకు నేరుగా చోటున్నది నగరం బయట. ముందుగా ఉప్పు బోర్లు. మింజూరు ప్రాంతంలో భూగర్భ జలాన్ని అతిగా తోడటంతో సముద్రపు నీరు నేల లోపలికి చొచ్చుకొచ్చిన సంగతి 1960ల చివరి నుంచే తెలుసు. అలాంటి బోరు నీటిలో లీటరుకు రెండు మూడు గ్రాముల ఉప్పు ఉంటే పొర మీద పెట్టాల్సిన ఒత్తిడి సముద్రపు నీటికి పెట్టేదానిలో చిన్న భాగమే. కరెంటు వెయ్యి లీటర్లకు ఒక యూనిట్ అటూ ఇటూ. పగలు పంపు నడిపి తొట్టి నింపుకుంటే రాత్రికి బ్యాటరీతో పనే లేదు. 2024లో ఎంఐటీకి చెందిన మరో బృందం మబ్బు వస్తే నెమ్మదించి, ఎండ వస్తే పుంజుకునే యంత్రంతో బ్యాటరీ లేకుండా రోజుకు 5,000 లీటర్ల దాకా తీసి చూపింది. అది కూడా సముద్రపు నీటిది కాదు, ఉప్పు బోరు నీటిది. వార్త చేతులు మారేటప్పుడు ఈ చిన్న తేడాయే జారిపోతుంది.

సముద్రపు నీటి విషయంలో తమిళనాడులోనే ఒక ప్రయోగం ఉంది. రామనాథపురం జిల్లా నరిప్పయూరులో ఐఐటీ మద్రాసు ఒక ప్రైవేటు సంస్థతో కలిసి, కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ సాయంతో ఎండ వేడితో నడిచే నిర్లవణీకరణ కేంద్రాన్ని నెలకొల్పింది. సామర్థ్యం రోజుకు 20 వేల లీటర్లు. చెన్నైలో అది రెండు లారీల నీరు, ఒక పెద్ద అపార్టుమెంటు సంపు మధ్యాహ్నానికి ఖాళీ చేసేస్తుంది. ఊరి బావి ఉప్పగా మారిన నరిప్పయూరులో, మనిషికి తాగడానికీ వంటకూ పది లీటర్ల చొప్పున లెక్కేస్తే, అది రెండు వేల మందికి ఒక రోజు నీరు.